పేటెంట్ నంబరు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో వచ్చిన వార్త గురించి ఈ ఉత్తరం. సోలార్ పలకల మీద పూసే ఒక కొత్త పూతకు పేటెంట్ వచ్చిందని, ఇక పలకలు తుడిచే పనే ఉండదని, కరెంటు 30 శాతం ఎక్కువ వస్తుందని రాశారు. పక్కనే ఇద్దరు ఒక కాగితాన్ని చెరో అంచు పట్టుకుని నవ్వుతున్న ఫొటో. వార్త రెండుసార్లు చదివాను. పూత దేనితో చేశారో లేదు, ఎన్నాళ్ళు ఉంటుందో లేదు, ఎలా పరీక్షించారో లేదు. పేటెంట్ నంబరు లేదు. పేటెంట్ నిజంగా ఇచ్చేశారా, లేక దరఖాస్తు మాత్రమే అచ్చయిందా అన్నదీ తేలలేదు. ‘పేటెంట్’ అన్న మాట మాత్రం 9 సార్లు ఉంది. లెక్కపెట్టాను. రిటైరయిన మనిషికి ఆ మాత్రం తీరిక ఉంటుంది.

నేను 31 ఏళ్ళు ఒక ప్లేటింగ్ కర్మాగారం లాబ్‌లో పనిచేశాను. లోహం మీద లోహం పొర ఎక్కించడం మా పని. కనెక్టర్ పిన్నులు, హీట్ సింకులు, పవర్ సప్లయిల అల్యూమినియం డబ్బాలు మా ట్యాంకుల్లోంచి వెళ్ళేవి. నా పేరు కూడా ఒక పేటెంట్ మీద ఉంది, రెండో ఆవిష్కర్తగా. అలాంటి ఫొటో మా ఇంట్లోనూ ఒకటి ఉంది. అందులో నేనూ అలాగే నవ్వుతున్నాను.

ఆ నవ్వు తర్వాత ఏం జరిగిందో చెప్తాను.

అల్యూమినియం మీద నికెల్ ఎక్కించడం మహా చికాకు పని. ఎంత శుభ్రంగా కడిగినా, గాలి తగిలీ తగలగానే దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది. కొన్ని నానోమీటర్ల మందం, కంటికి కనపడదు. దాని మీదే నికెల్ ఎక్కిస్తే తడిసిన గోడ మీద సున్నంలా పెచ్చులు లేచి వస్తుంది. అందుకని ముందు జింకేట్ ద్రావణంలో ముంచుతాం. అది ఆక్సైడ్‌ను కరిగించి ఆ చోట పల్చటి జింకు పొర పెడుతుంది. మొదటిసారి పడ్డ జింకు గరుగ్గా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని నైట్రిక్ యాసిడ్‌లో తీసేసి, నీళ్ళలో కడిగి, మళ్ళీ జింకేట్‌లో ముంచితే ఈసారి సన్నగా, సమంగా కూర్చుంటుంది. దీన్ని డబుల్ జింకేట్ అంటారు. ఇందులో మేం కనిపెట్టిందేమీ లేదు, మాకు చాలా ముందునుంచీ ఉన్నదే. మేం మార్చిందల్లా యాసిడ్‌కీ రెండో ముంపుకీ మధ్య ఉండే కడుగుడు. ఆ నీళ్ళలో ఒక లవణం కొద్దిగా కలిపి, ఇన్ని సెకన్లు ఉంచి తీయాలన్నాం. అంతే. వింటే ఇంతేనా అనిపిస్తుంది. పేటెంట్లలో ఎక్కువ భాగం ఇంతే.

రెండంగుళాల చదరపు రేకు ముక్కల మీద పరీక్షలు చేశాం. బ్లేడుతో గళ్ళు గీసి, టేప్ అంటించి, ఒక్క ఊపున లాగాం. ఒక్క గడి కూడా లేవలేదు. ఓవెన్‌లో 150 డిగ్రీల దాకా వేడెక్కించి చన్నీళ్ళలో పడేశాం. పొక్కులు రాలేదు. దరఖాస్తు పెట్టాం. పేటెంట్ ఆఫీసు పరీక్షకుడు రెండు పాత పేటెంట్లు చూపించి, ఇది వీటిలో లేనిదేమిటని అడిగాడు. మా లాయరు గారు క్లెయిమ్‌ను, అంటే ఏది మాదని అడుగుతున్నామో చెప్పే వాక్యాన్ని, కుదించారు. మూడేళ్ళు దాటాక పేటెంట్ వచ్చింది. ఫొటో దిగాం, ఒక పత్రికలో వార్త పడింది. అందులో ‘విప్లవాత్మక’ అన్న మాట చూసి మా మేనేజరు గారు కూడా సిగ్గుపడ్డారు.

అసలు డబ్బాలు లైన్ మీదికి వచ్చాక సంగతి బయటపడింది. వాటికి లోతైన మూలలు, స్క్రూలు దిగే గుడ్డి రంధ్రాలు (అవతలికి తెరుచుకోనివి) ఉంటాయి. చదును ముక్క మీద నుంచి నీళ్ళు జారిపోతాయి. మూలల్లో నిలుస్తాయి. ఆ నిలిచిన నీళ్ళలో మా లవణం, దాంతో పాటు యాసిడ్ చుక్కలు. ఓవెన్‌లోంచి బయటికి తీసేసరికి ప్రతి మూలలోనూ శనగ్గింజంత పొక్కు. లైన్ ఇన్‌చార్జి ఒక డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టి, “మేడమ్, మీ పేటెంటుకి మూలలంటే పడదనుకుంటా” అన్నాడు. మూడు నెలలు తంటాలు పడి పాత కడుగుడుకే తిరిగి వెళ్ళాం. కొన్నేళ్ళకు కంపెనీ రెన్యువల్ ఫీజు కట్టడం మానేసింది, పేటెంట్ చెల్లకుండా పోయింది. ఇప్పుడది ఎవరైనా వాడుకోవచ్చు. వాడరనుకోండి.

ఇందులో పేటెంట్ ఆఫీసు తప్పేమీ లేదు. మీ పాఠకులకు ముందు తెలియాల్సింది ఇదే. పేటెంట్ ఇచ్చేవాళ్ళు మీ వస్తువును ఓవెన్‌లో పెట్టి చూడరు. ఇది కొత్తదా, ఆ రంగం తెలిసినవాడికి ఇట్టే తట్టేదా, ఎందుకైనా ఉపయోగపడేదా, చదివినవాడు చేసుకునేలా వివరంగా రాశారా అన్నది కాగితాల మీద చూస్తారు. బాగా పనిచేస్తుందా, ఎన్నేళ్ళు పనిచేస్తుంది, గిట్టుబాటవుతుందా అన్నవి వాళ్ళు అడిగే ప్రశ్నలు కావు. పేటెంట్ చేతిలో ఉన్నంత మాత్రాన ఆ వస్తువును తయారుచేసే హక్కు కూడా రాదు. ఇతరుల్ని చేయకుండా ఆపే హక్కు మాత్రమే వస్తుంది. మీ పూత కింద ఇంకొకరి పేటెంట్ ఉన్న పొర ఉంటే, మీ కాగితం పట్టుకుని వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడాల్సిందే.

అయితే పేటెంట్లంటే నాకు గౌరవం లేదనుకోకండి. పేటెంట్ అనే మాటకు మూలార్థమే ‘తెరిచి ఉన్నది’. లాటిన్‌లో తెరిచిన ఉత్తరం అన్న మాటలోంచి వచ్చింది. నీ గుట్టు అందరికీ విప్పి చెప్పు, బదులుగా దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ళు నిన్ను కాపాడతాం అన్నదే ఆ ఒప్పందం. మీ వార్తలో ఆ ‘విప్పి చెప్పడం’ అనే సగం లేకుండా పోయిందనే నా బాధ. ఆ సగంలోనే అసలు రుచి ఉంది. కొందరు సీరియళ్ళు చూస్తారు, నేను పాత పేటెంట్లు చదువుతాను.

నికెల్ ఎక్కించే ద్రావణాన్ని మేం బాత్ అంటాం. మా బాత్‌కు తాత లాంటి పేటెంట్ ఒకటుంది, అమెరికా నంబరు 2,532,283. ఎబ్నర్ బ్రెనర్, గ్రేస్ రిడెల్ అనే ఇద్దరిది, 1950లో వచ్చింది. వాళ్ళు అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో గొట్టాల లోపల కరెంటుతో నికెల్ మిశ్రమం పూస్తున్నారు. పూత పగుళ్ళు తీస్తోంది. ఏదో ఆక్సీకరణం పూతను పాడుచేస్తోందనుకుని దాన్ని ఆపడానికి సోడియం హైపోఫాస్ఫైట్ అనే లవణం కలిపారు. తూకం వేసి చూస్తే, పంపిన కరెంటుకు లెక్క ప్రకారం రావాల్సినదానికన్నా ఎక్కువ నికెల్ పడి ఉంది! గొట్టం బయట, కరెంటు పని లేని చోట కూడా పూత. అంటే కరెంటు లేకుండానే నికెల్ ఎక్కుతోందన్నమాట. హైపోఫాస్ఫైట్ ఎలక్ట్రాన్లు ఇస్తుంది, నికెల్ అయాన్లు వాటిని తీసుకుని లోహమవుతాయి, అలా పడిన నికెలే తర్వాతి నికెల్‌ను రప్పించుకుంటుంది. హైపోఫాస్ఫైట్ నికెల్‌ను లోహంగా మారుస్తుందని 1844లోనే వుర్ట్స్ అనే ఫ్రెంచి రసాయనికుడు గమనించాడు. కానీ అదుపులో పెట్టి, కావలసిన చోట గట్టి పూతగా కూర్చోబెట్టింది వీళ్ళు. కరెంటుతో చేసే పూత అంచుల్లో మందంగా, గుంటల్లో పల్చగా పడుతుంది. ఈ పద్ధతిలో ద్రావణం తగిలిన చోటల్లా ఒకే మందం, మూలల్లో కూడా. మూలల్ని జయించిన బాత్‌కు ముందు పెట్టే కడుగుడులో మేం మూలల దగ్గరే ఓడిపోయాం, చూశారా!

లెక్క వంద శాతానికి మించినప్పుడు త్రాసు చెడిపోయిందనుకుని వదిలేసేవాళ్ళు చాలామంది ఉంటారు. నేనైతే అదే చేసేదాన్నేమో.

ఇంకొకటి చెప్పి మీ వార్త దగ్గరికి వస్తాను. ట్రాన్సిస్టర్ అనగానే 1947 డిసెంబరు, బెల్ ల్యాబ్స్, బార్డీన్, బ్రాటెన్, షాక్లీ అని పిల్లలు కూడా చెప్తారు. అంతకు చాలా ముందే జూలియస్ లిలియెన్‌ఫెల్డ్ అనే ఆయన 1926లో అమెరికాలో దరఖాస్తు పెట్టి, 1930లో 1,745,175 నంబరు పేటెంట్ తీసుకున్నాడు. అందులో బొమ్మ చూడండి. ఒక గాజు పలకను అడ్డంగా రెండుగా విరిచి, ఆ విరుగులో సన్నటి అల్యూమినియం రేకు పెట్టి మళ్ళీ అతికించాడు. పైన కాపర్ సల్ఫైడ్ పల్చటి పొర. రేకు అంచుకు వోల్టేజి ఇస్తే, పైన పొరలో పారే కరెంటు తగ్గడం పెరగడం జరగాలి. ఇవాళ మన ఫోన్ చిప్పుల్లో కోట్లకొద్దీ ఉన్న ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్ ఆలోచన సరిగ్గా ఇదే. ఆయన పనిచేసే పరికరం చూపించిన దాఖలా లేదు. ఆ రోజుల్లో దొరికే పదార్థాలతో చూపించడం కష్టం కూడా. కానీ కాగితం మీద ఉంది కాబట్టి, 20 ఏళ్ళ తర్వాత బెల్ ల్యాబ్స్ లాయర్లు ఆ దిశగా విస్తృతమైన క్లెయిమ్‌లు వేయలేకపోయారు. బార్డీన్, బ్రాటెన్‌ల పాయింట్ కాంటాక్ట్ ట్రాన్సిస్టర్‌కు వేరే పేటెంట్, 2,524,035, 1950 అక్టోబరులో వచ్చింది.

ఇంతకీ ఆ ఫీల్డ్ ఎఫెక్ట్ ఎందుకు పనిచేయలేదు? షాక్లీ కూడా 1945లో ప్రయత్నించి విఫలమయ్యాడు. కారణం ఉపరితలం. సిలికాన్ లాంటి అర్ధవాహకం పైతలంలో పరమాణువులకు పక్కన చేయి కలపడానికి ఎవరూ ఉండరు. అలా తెగి వేలాడే బంధాల్లో ఎలక్ట్రాన్లు చిక్కుకుని, బయటి వోల్టేజి లోపలికి చేరకుండా కప్పేస్తాయి. ఆ మాట బార్డీన్ చెప్పాడు. మందు మాత్రం పొరపాటున దొరికింది. 1955లో అదే సంస్థలో ఫ్రాష్, డెరిక్ అనే ఇద్దరు సిలికాన్ బిళ్ళల్ని హైడ్రోజన్ కొలిమిలో కాలుస్తుంటే హైడ్రోజన్ అంటుకుని లోపల నీటి ఆవిరి పుట్టింది. తీసి చూస్తే బిళ్ళలు రంగురంగులుగా ఉన్నాయి. పైన సిలికాన్ ఆక్సైడ్ పొర కట్టింది. దాని మీద 2,802,760 నంబరు పేటెంట్, 1957. తర్వాత అటాలా అనే ఇంజనీరు ఆ ఆక్సైడ్‌తోనే వేలాడే బంధాల నోళ్ళు మూయవచ్చని చూపించాడు. హోర్నీ అనే ఇంకొకాయన ఆ పొరను తీసేయకుండా ట్రాన్సిస్టర్ మీదే కాపలాగా వదిలేశాడు, అది 1962లో వచ్చిన 3,025,589. కాంగ్ అనే ఆయనది మాస్ ట్రాన్సిస్టర్ (లోహం, ఆక్సైడ్, అర్ధవాహకం పొరలు పేర్చింది), 3,102,230, 1963. అల్యూమినియం మీద ఆక్సైడ్‌ను జీవితాంతం తిట్టుకున్నాను. సిలికాన్ మీద ఆక్సైడ్ లేకపోతే నా చేతిలో ఫోనే లేదు!

ఇక మీ సోలార్ పూత.

ముందు ఆ 30 శాతం సంగతి. పలక పైనున్న మామూలు గాజు, నిటారుగా పడే వెలుతురులో దాదాపు 4 శాతాన్ని పైతలం నుంచే వెనక్కి పంపుతుంది. ఆ ప్రతిఫలనాన్ని తగ్గించే పూత ఎంత గొప్పదైనా, ఆ 4లోంచే ఇవ్వాలి. ఏటవాలు ఎండలో ఇంకాస్త కలిసొస్తుంది. మరి 30 ఎక్కణ్ణుంచి వచ్చింది? నాకు తోచేది ఒకటే. నెలల తరబడి తుడవని మురికి పలకతో పోల్చి ఉంటారు. దాన్ని తడిగుడ్డతో తుడిచినా ఆ కరెంటు వస్తుంది. పోలిక తుడిచిన పలకతోనా, తుడవని పలకతోనా అని మీ విలేకరి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

ప్రతిఫలనం తగ్గించే పూత కొత్తదేమీ కాదు. 1938లో క్యాథరిన్ బ్లాడ్జెట్, జనరల్ ఎలక్ట్రిక్ లాబ్‌లో, నీటి మీద ఒక్క అణువు మందాన తేలే సబ్బులాంటి పొరను గాజు మీదికి ఎత్తేది. అలా ముంచి తీసి, ముంచి తీసి 44 పొరలు పేర్చితే గాజు మాయమైనట్టు కనిపించింది. పూత పైనుంచీ అడుగు నుంచీ వెనక్కి వచ్చే తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేంత మందం అది. పేటెంట్ కూడా వచ్చింది. కానీ వేలితో రాస్తే పోతుంది! గట్టిగా నిలిచే పూతలు తర్వాత వేరేవాళ్ళు చేశారు. సోలార్ సెల్ ముదురు నీలంగా కనిపించేది కూడా ఇలాంటి పొర వల్లే. సిలికాన్ బూడిద రంగుది. ఆ నీలం పైనున్న సిలికాన్ నైట్రైడ్‌ది, 80 నానోమీటర్లకు అటూ ఇటూ మందం. చాపిన్, ఫుల్లర్, పియర్సన్‌లు 1954లో చూపించిన మొదటి సిలికాన్ సెల్ 6 శాతం వెలుతురునే కరెంటు చేసింది. ఇప్పటి మామూలు పలకలు 20 దాటాయి. ఆ పెరుగుదలలో పెద్ద వాటా ఉపరితలాలను మచ్చిక చేసుకోవడానిదే. ముందువైపే కాదు, వెనకవైపు కూడా.

‘తుడవక్కర్లేదు’ అన్నది ఇంకా తమాషా. తనంతట తాను శుభ్రమయ్యే పూతలు రెండు రకాలు, అవి ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. మొదటిది నీటిని దగ్గరికి రానివ్వదు. తామరాకు మీద నీటిబొట్టు అని మనం అంటీముట్టనట్టుండే మనిషి గురించి ఎన్నో తరాలుగా అనుకుంటూనే ఉన్నాం. అది ఎందుకు అంటదో మైక్రోస్కోపు కింద చూసి, ఆకు మీద సన్నటి బొడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు స్ఫటికాలు ఉన్నాయని, బొట్టు వాటి కొసల మీద నిలబడి దొర్లుతూ దుమ్మును ఎత్తుకుపోతుందని 1997లో అచ్చువేసింది జర్మనీ వృక్షశాస్త్రవేత్త విల్హెల్మ్ బార్ట్‌లోట్. అలాంటి ఉపరితలాలకు పేటెంట్ కూడా తీసుకున్నాడు. సామెత మనది, పేటెంట్ ఆయనది అని ఉడుక్కోనక్కర్లేదు. సామెతలో తయారుచేసే పద్ధతి లేదు కదా.

రెండో రకం నీటిని బొట్టుగా నిలవనివ్వదు, పలకంతా పల్చగా పరిచేస్తుంది. అది టైటానియం డయాక్సైడ్ పొర. ఎండలోని అతినీల కాంతి పడితే మీద అంటిన జిడ్డును కుళ్ళబెట్టినట్టు విడగొడుతుంది, వాన పడితే నీరు పరదాలా పరుచుకుని కడుక్కుపోతుంది. ఈ పదార్థం వెలుతురులో చేసే పనిని ఫుజిషిమా, హోండా 1972లో లోకానికి చెప్పారు. 2001 నుంచి ఇలాంటి కిటికీ గాజు అమ్మకంలో ఉంది.

మీ వార్తలోని పూత వీటిలో ఏ రకం? రెండింటికీ నీళ్ళు కావాలి. వాన లేని చోట, పొడి దుమ్ము మీద రాత్రి మంచు పడి తెల్లారేసరికి ఎండితే అది సన్నటి సిమెంటు అవుతుంది. ఏ పూత అయినా అక్కడ తెల్లమొహం వేస్తుంది. మొదటి రకానికి ఇంకో చిక్కుంది. ఆ బొడిపెలు రాపిడికి అరిగిపోతాయి. తామరాకు బతికున్నది కాబట్టి దాని మైనం మళ్ళీ పుడుతుంది. పెయింటుకు పుట్టదు.

పూతల విషయంలో నేను మొదట అడిగేది ఎన్నాళ్ళు అనే. తొలిరోజు మెరవని పూత ఉండదు. తగరం సంగతే చూడండి. కనెక్టర్ల మీద స్వచ్ఛమైన తగరం పూస్తే తళతళలాడుతుంది, పరీక్షలన్నీ పాసవుతుంది. నెలలకో ఏళ్ళకో దానంతటదే మీసాలు మొలుస్తాయి. కొన్ని మైక్రోమీటర్ల మందం, కొన్నిసార్లు మిల్లీమీటర్ల పొడుగు ఉండే తగరపు వెంట్రుకలు. పక్క పిన్నును తాకితే షార్ట్. తగరంలో కొంచెం సీసం కలిపితే ఇవి చాలావరకు రావని దశాబ్దాల క్రితమే తెలుసు. 1998 మేలో గెలాక్సీ 4 అనే ఉపగ్రహం చేతులెత్తేసి అమెరికాలో పేజర్లలో ఎక్కువ భాగం మూగబోయాయి. దానికి ఈ మీసాలే కారణమని చెప్పారు. సీసం విషం కాబట్టి 2006 జులై నుంచి ఐరోపాలో చాలా ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాన్ని నిషేధించారు, అది మంచిదే. కానీ మాకు మీసాల టెన్షన్ మళ్ళీ మొదలైంది. తగరం కింద నికెల్ పొర వేయడం, పూశాక వేడి చూపించడం, ఇలా ఎన్నో పాట్లు. నా సర్వీసు చివరి రోజుల్లో సగం సమయం భూతద్దం కింద మీసాలు వెతకడంలోనే పోయింది. ఇంట్లో నవ్వేవాళ్ళు.

పేటెంట్ వచ్చిన వెంటనే లోకం మారిపోతుందనుకోవడం కూడా అంతే. జిరాక్స్ సంగతి మీ పాఠకులకు నచ్చుతుంది. చెస్టర్ కార్ల్‌సన్ ఒక కంపెనీ పేటెంట్ విభాగంలో ఉద్యోగి. పేటెంట్ కాగితాలకు నకళ్ళు కావాలంటే చేత్తో రాయాలి, లేదా ఫొటో తీయించాలి. ఆయనకు కీళ్ళనొప్పులు. ఆ విసుగులోంచే పుట్టింది ఆలోచన. 1938 అక్టోబరు 22న ఒక జింకు రేకు మీద గంధకం పూసి, చేతిరుమాలుతో రుద్ది చార్జి ఎక్కించి, సిరాతో తేదీ, ఊరి పేరు రాసిన గాజు ముక్కను దాని మీద పెట్టి, బల్బు వెలుతురు చూపించారు ఆయనా, ఆయన సహాయకుడు కొర్నీ. వెలుతురు పడ్డ చోట చార్జి పోయింది, అక్షరాల నీడలో మిగిలింది. సన్నటి పొడి చల్లి ఊదితే అక్షరాలు తేలాయి. మైనపు కాగితం ఒత్తితే దాని మీదికి వచ్చాయి. పేటెంట్ 2,297,691, 1942 అక్టోబరు. 20కి పైగా కంపెనీలు వద్దన్నాయి. గంధకం పోయి సెలీనియం వచ్చి, 914 అనే యంత్రం లోకానికి కనిపించింది 1959లో. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పేటెంట్ ఆయుష్షు, ఇచ్చిన రోజు నుంచి 17 ఏళ్ళు. 1942కు 17 కలపండి. యంత్రం బయటపడిన ఏడాదే మూల పేటెంట్ గడువు తీరింది. వాళ్ళను కాపాడింది మధ్యలో తీసుకున్న చిన్న చిన్న మెరుగుదలల పేటెంట్లు. మా కడుగుడు పేటెంట్ లాంటివన్నమాట, కాకపోతే పనిచేసేవి.

అందుకని మీకు నా విన్నపం పెద్దదేమీ కాదు. పేటెంట్ వార్త వేసేటప్పుడు నంబరు వేయండి. ఆ నంబరు చివర అక్షరం ఉంటుంది. చాలా దేశాల్లో ‘ఏ’ అంటే దరఖాస్తు అచ్చయిందని, ‘బి’ అంటే ఇచ్చారని. దరఖాస్తు ఎవరిదైనా మామూలుగా 18 నెలలకు అచ్చవుతుంది, అది గొప్పేమీ కాదు. తర్వాత మొదటి క్లెయిమ్‌ను ఒక్కసారి చదవమనండి. ఎంత పొడుగున్నా అది ఒకే వాక్యం. నిజంగా ఏది తమదని వాళ్ళు అడుగుతున్నారో అందులోనే తెలుస్తుంది. ముందు పేజీల్లో ఉండే గొప్పలకు చట్టంలో అంత విలువ లేదు. మాది చూసినా అంతే. 14 పేజీల్లో అల్యూమినియం చరిత్రంతా చెప్పాం, క్లెయిమ్‌లో మిగిలింది ఒక లవణం, దాని మోతాదు, కొన్ని సెకన్లు. అక్కడి నుంచి మీ విలేకరి అడగాల్సిన ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఎంత ముక్క మీద చేశారు? తుప్పు పరీక్షకు ఎన్ని గంటలు ఉప్పునీటి పొగమంచులో పెట్టారు? దేనితో పోల్చారు? జవాబు చెప్పడానికి నీళ్ళు నమిలితే ఆ సంగతి కూడా రాయండి.

ఆ ఫొటోలో ఉన్న ఇద్దరి మీద నాకు కోపం లేదు. వాళ్ళ పూత నిజంగా మంచిదే కావచ్చు. వాళ్ళ నంబరు పంపితే చదివి, నాకు అర్థమైనంతలో తెలుగులో రాసి ఇస్తాను. మా పొక్కుల డబ్బా ఒకటి ఇంకా నా దగ్గరుంది, పెన్నులు వేసుకుంటున్నాను. ఫొటోకు కావాలంటే అదీ పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ ప్లేటింగ్ లాబ్ ఉద్యోగి

తా.క.: పైన ఇచ్చిన నంబర్లను నెట్‌లో వెతికేవాళ్ళు కామాలు తీసేసి, ముందు అమెరికాను సూచించే రెండు అక్షరాలు చేర్చి కొట్టాలి. లిలియెన్‌ఫెల్డ్‌ది తెరిస్తే ముందు బొమ్మలు చూడండి. చదవడం తర్వాత.